80 కిలోమీటర్ల లోతున కనిపించిన వాహక పొర: ఒక ఎంటీ కేస్ స్టడీ

ఈ కేసు నా దగ్గరికి సమీక్ష కోసం వచ్చింది. దక్షిణ భారతంలో ఒక పాత క్రేటాన్ (చాలాకాలంగా కదలిక లేని ఖండ భాగం) మీద మొదలై, దాని తూర్పు అంచున ఉన్న మొబైల్ బెల్ట్‌ను (ఒకప్పుడు ఢీకొని నలిగిన రాళ్ల పట్టీ) దాటి, సముద్ర తీరానికి కొంత ఇవతల ఆగిన మాగ్నెటోటెల్యూరిక్ (ఎంటీ) రేఖ, అంటే వరసగా పెట్టిన కొలత స్టేషన్లు. సర్వే ఎవరు చేశారు, ఏ ఊళ్ల మీదుగా వెళ్లింది అన్నవి రాయడం లేదు. లోతులనూ నిరోధకతలనూ గుండ్రం చేశాను. లోతైన లిథోస్ఫియర్ (భూమి గట్టి పైపెంకు) వాహకతను చదివేటప్పుడు ఏ నిర్ణయం దేని మీద ఆధారపడుతుందో ఈ కేసులో ఉన్నంత స్పష్టంగా నేను మరోచోట చూడలేదు. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సౌర పవనం తాకిడికీ, ప్రపంచమంతటా పడే పిడుగులకీ భూమి అయస్కాంత క్షేత్రం నిరంతరం కదులుతూ ఉంటుంది. ఆ కదలిక నేలలో కరెంట్లు పుట్టిస్తుంది. విద్యుత్ క్షేత్రాన్ని రెండు దిశల్లో, అయస్కాంత క్షేత్రాన్ని మూడు దిశల్లో ఒకేసారి కొలిచి వాటి మధ్య సంబంధాన్ని లెక్కగడితే కింద నిరోధకత ఎలా మారుతోందో తెలుస్తుంది. 1950లో తిఖొనోవ్, 1953లో కన్యార్ దీనికి పునాది వేశారు. సిగ్నల్ పీరియడ్ (ఒక ఊపుకు పట్టే సమయం) పెరిగేకొద్దీ అది లోతుకు దిగుతుంది. నిరోధకతను పీరియడ్‌తో హెచ్చవేసి వర్గమూలం తీసి, దాన్ని 503తో హెచ్చవేస్తే ఆ లోతు మీటర్లలో వస్తుంది. 1000 ఓమ్ మీటర్ల రాతిలో 10 సెకన్ల సిగ్నల్ 50 కిలోమీటర్లు దిగుతుంది. 10 ఓమ్ మీటర్ల పదార్థంలో అంతే లోతు దిగాలంటే 1000 సెకన్ల సిగ్నల్ కావాలి. ఈ లెక్కలో లోతు, నిరోధకత ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఈ కేసు అంతా ఆ ముడి చుట్టూనే తిరిగింది.

వచ్చిన సమస్య

అదే ప్రాంతంలో భూకంప తరంగాల మీద పనిచేస్తున్న మరో బృందానికి సుమారు 80 కిలోమీటర్ల లోతున వేగం తగ్గుతున్న సరిహద్దు ఒకటి కనిపించింది. క్రేటాన్ల కింద ఇలాంటి సరిహద్దులు ప్రపంచంలో చాలాచోట్ల కనబడ్డాయి. వాటికి కారణమేమిటన్నది ఇంకా తేలలేదు. ఎంటీ బృందం తమ డేటాతో 2డి ఇన్వర్షన్ (కొలతలకు సరిపోయే భూగర్భ మోడల్‌ను కంప్యూటర్‌తో వెతకడం) చేస్తే రేఖ తూర్పు సగం కింద, దాదాపు అదే లోతున, 30 కిలోమీటర్ల మందంతో 20 ఓమ్ మీటర్ల పొర వచ్చింది. రెండు వేర్వేరు పద్ధతులు ఒకే లోతు చెబుతున్నాయి. ఇక అది ఏ పదార్థమో తేల్చడమే మిగిలిందని అందరూ అనుకున్నారు. కొంత కరిగిన మాంటిల్, నీరు చేరిన ఓలివిన్ (మాంటిల్‌లో ఎక్కువగా ఉండే ఖనిజం), గ్రాఫైట్ అని మూడు ప్రతిపాదనలు బల్ల మీదికి వచ్చాయి. ఎక్కువమంది మొగ్గు రెండోదాని వైపు.

మాంటిల్‌లో వాహక పొర ఉండడం వింతేమీ కాదు. కెనడాలోని స్లేవ్ క్రేటాన్ నడిభాగం కింద 80 నుంచి 120 కిలోమీటర్ల మధ్య అలాంటిదే కనిపించింది. చలికాలంలో మంచు దారుల వెంట, సరస్సుల అడుగున పరికరాలు పెట్టి చేసిన సర్వే అది. కింబర్లైట్లు (చాలా లోతు నుంచి ఎగదన్నిన అగ్నిశిలలు) పైకి తెచ్చిన మాంటిల్ రాళ్లతో పోల్చి చూసుకునే వీలు కూడా వాళ్లకు ఉంది. మన బృందం ఆ ఉదాహరణ చూపించింది. చూపించడంలో తప్పు లేదు. కానీ అక్కడ ఉంది కాబట్టి ఇక్కడా ఉంటుందని చెప్పడానికి ఆ ఉదాహరణ చాలదు.

ఇన్వర్షన్ చేసిన యువ పరిశోధకుడు నన్ను నేరుగా అడిగాడు: "సర్, ఆర్‌ఎంఎస్ 1.4కి దిగింది. స్టేషన్లన్నీ చక్కగా ఫిట్ అయ్యాయి. ఇంకేం చూడాలంటారు?" అడగాల్సిన ప్రశ్నే. ఆర్‌ఎంఎస్ అంటే మోడల్‌కూ కొలతలకూ మధ్య సగటు తేడా, 1కి దగ్గరగా ఉంటే ఫిట్ బాగున్నట్టు. ఫిట్ బాగుందంటే ఈ మోడల్ డేటాకు సరిపోతుందని మాత్రమే అర్థం. ఇంకే మోడల్ సరిపోదని కాదు. ఆ పొర అక్కడ ఉండి తీరాలని డేటా పట్టుబడుతోందా, లేక ఉన్నా ఫర్వాలేదంటోందా? పదార్థం పేరు పెట్టేముందు తేలాల్సింది ఇదే.

ముందు ఉష్ణోగ్రత

నేను మోడల్ జోలికి వెళ్లకుండా ఉష్ణోగ్రతతో మొదలుపెట్టాను. కారణం రెండు. దానికి ఎంటీ డేటాతో సంబంధం లేదు కాబట్టి అది స్వతంత్ర సాక్ష్యం. పైగా కాగితం మీద ఒక పూటలో అయిపోయే లెక్క.

ధార్వాడ్ లాంటి మన పాత క్రేటాన్లలో బోర్‌హోళ్లలో కొలిచిన ఉష్ణ ప్రవాహం చదరపు మీటరుకు సుమారు 25 నుంచి 50 మిల్లీవాట్లు. ఖండాల సగటు కన్నా ఇది బాగా తక్కువ. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చేసిన కొలతలు లేకపోతే ఈ మాట ఇంత ధైర్యంగా అనలేం. 40 మిల్లీవాట్లు తీసుకుని లోతుకు లెక్కగడితే 80 కిలోమీటర్ల దగ్గర సుమారు 700 డిగ్రీలు వస్తుంది. పొడి పెరిడొటైట్ (మాంటిల్ రాయి) ఆ పీడనం దగ్గర 1400 డిగ్రీలు దాటితే తప్ప కరగడం మొదలుపెట్టదు. నీరు పుష్కలంగా ఉంటే ఆ ఉష్ణోగ్రత ఎంతకు దిగుతుందన్న దాని మీద ప్రయోగశాలల మధ్య తేడాలున్నాయి కానీ చాలామంది 1000 డిగ్రీల దరిదాపుల్లోనే పెడతారు. కరిగిన మాంటిల్ అన్న మాట అక్కడితో ఆగిపోయింది.

నీటి సంగతి అంత తేలిగ్గా తెగదు. ఓలివిన్ స్ఫటికంలో చేరిన హైడ్రోజన్ వాహకతను పెంచుతుందని 1990లో కరాటో ప్రతిపాదించారు. 2006లో రెండు ప్రయోగశాల బృందాలు దాన్ని కొలిచి పరస్పరం పొసగని ఫలితాలు ప్రచురించాయి. ఎవరిది సరైనదన్న చర్చలోకి దిగకుండా, నీటికి ఎక్కువ ప్రభావం ఇచ్చే సమీకరణాన్నే తీసుకున్నాను. ప్రతిపాదనకు అనుకూలంగా లెక్కగట్టినా అది నిలబడకపోతే ఇక వాదన అక్కర్లేదు కదా. 700 డిగ్రీల దగ్గర 100 పీపీఎం నీటితో ఓలివిన్ నిరోధకత దాదాపు 800 ఓమ్ మీటర్లు వచ్చింది. మోడల్ చెబుతున్నది 20. అంటే వాహకత 40 రెట్లు పెరగాలి. ఆ సమీకరణంలో నీటి పరిమాణానికి ఘాతం 0.62 కాబట్టి నీరు 40 రెట్లు పెరిగితే చాలదు, దాదాపు 400 రెట్లు పెరగాలి. లెక్క తేలేసరికి ఓలివిన్ బరువులో 4 శాతం నీరు ఉండాలి. ఆ పీడనం దగ్గర ఓలివిన్ పట్టగలిగేది కొన్ని వందల పీపీఎం మాత్రమే.

మిగిలింది గ్రాఫైట్. చల్లని క్రేటాన్ కింద సుమారు 150 కిలోమీటర్ల వరకూ కార్బన్ గ్రాఫైట్ రూపంలోనే ఉంటుంది, ఆ తర్వాతే వజ్రం. ఆ లెక్కన అడ్డేమీ లేదు. అయితే ఓలివిన్ గింజల మధ్య గ్రాఫైట్ పల్చటి పొరలా పరుచుకుని నిలవదని ప్రయోగాలు చెబుతున్నాయి. వందల కిలోమీటర్ల పొడవునా, 30 కిలోమీటర్ల మందాన తెగకుండా అల్లుకుని ఉందనడానికి చాలా బలమైన ఆధారం కావాలి.

మూడు ప్రతిపాదనల్లో రెండు పోయాయి, మూడోది కుంటుతోంది. ఇలాంటప్పుడు నాలుగో పదార్థాన్ని వెతకడం సహజం. సల్ఫైడ్లనీ ఫ్లోగోపైట్ (ఒక రకం అభ్రకం) అనీ పేర్లు వచ్చాయి కూడా. నా అనుమానం మాత్రం వేరే దారి పట్టింది. పదార్థాలన్నీ వరసగా కుదరడం లేదంటే ఒకవేళ లోతే తప్పేమో. అదే పొర 80 కిలోమీటర్ల దగ్గర కాకుండా క్రస్ట్ అడుగున ఉంటే ఈ ఇబ్బందుల్లో ఒక్కటీ ఉండదు.

వక్రాలు, ఫీల్డ్ షీట్లు

మోడల్ పక్కన పెట్టి, తూర్పు స్టేషన్ల అసలు వక్రాలు అచ్చు వేయించి చూశాను. దాదాపు ప్రతి స్టేషన్‌లోనూ ఒకే తీరు. ఒక సెకను కన్నా తక్కువ పీరియడ్లలో రెండు దిశల అపారెంట్ రెసిస్టివిటీ (నేల మీది కొలతల నుంచి నేరుగా లెక్కగట్టిన నిరోధకత) వక్రాలూ ఒకే ఆకారంలో, సమాంతరంగా, ఒకటి పైన ఒకటి కింద నడుస్తున్నాయి. ఫేజులు (విద్యుత్, అయస్కాంత క్షేత్రాల ఊపుల మధ్య కాలపు తేడా) మాత్రం ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇది స్టాటిక్ షిఫ్ట్ లక్షణం. ఎలక్ట్రోడ్ల దగ్గర నేల నిరోధకత హఠాత్తుగా మారితే ఆ సరిహద్దు మీద ఛార్జీలు పేరుకుని విద్యుత్ క్షేత్రాన్ని పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. అన్ని పీరియడ్లకూ అంతే నిష్పత్తి. అందువల్ల వక్రం ఆకారం చెడదు, ఎత్తు మారుతుంది. ఫేజ్ కదలదు.

ఎత్తు మారితే ఏమవుతుంది? అపారెంట్ రెసిస్టివిటీ 4 రెట్లు పైకి జరిగితే ఇన్వర్షన్ ప్రతి పొర నిరోధకతనూ 4 రెట్లు పెంచి చూపిస్తుంది, లోతులను 2 రెట్లు చేస్తుంది. లోతు మారేది వర్గమూలం లెక్కన. 5 రెట్లు జరిగితే 36 కిలోమీటర్ల పొర 80 దగ్గర తేలుతుంది. ఫిట్ ఏమాత్రం చెడదు, ఎందుకంటే మోడల్ మొత్తం ఒకే తీరుగా సాగింది. ఆర్‌ఎంఎస్ చూసి దీన్ని పట్టుకోవడం అసాధ్యం.

నిర్మాణం సాగే దిశ వెంట పారే కరెంటుది టీఈ మోడ్, దానికి అడ్డంగా పారేది టీఎం మోడ్. బృందం ఆనవాయితీ ప్రకారం టీఈ మోడ్ అపారెంట్ రెసిస్టివిటీకి ఎక్కువ ఎర్రర్ ఫ్లోర్ (కనీసం ఇంత పొరపాటు ఉండొచ్చన్న హద్దు) ఇచ్చి, టీఎం మోడ్‌ను నమ్మింది. 3డి నిర్మాణాల గందరగోళాన్ని టీఎం మోడ్ కొంత తట్టుకుంటుంది కాబట్టి అలా చేయడం మామూలే. టీఎం స్టాటిక్ షిఫ్ట్‌ను కూడా మెష్ (మోడల్‌ను గళ్లుగా విడగొట్టే వల) పైపొరలోని గళ్లు సర్దుకుంటాయని ఆశిస్తారు. ఆ గళ్లు నేల మీది నిర్మాణం కన్నా సన్నగా ఉంటేనే అది జరుగుతుంది.

నేల మీద ఏముందో చెప్పింది ఫీల్డ్ షీట్లు. ఎలక్ట్రోడ్ల కాంటాక్ట్ రెసిస్టెన్స్ గడి చూడండి: క్రేటాన్ మీది పడమటి స్టేషన్లలో కొన్ని వందల ఓమ్‌లు, తూర్పు స్టేషన్లలో వేలల్లో. పక్కన పెన్సిల్‌తో "రాతి నేల", "గుట్ట మీద", "ఉప్పునీళ్లు మళ్లీ పోశాం" అని రాతలు. బెంటొనైట్ ముద్దలో లెడ్ క్లోరైడ్ కుండను కూర్చోబెట్టి ఎన్ని నీళ్లు పోసినా గుట్టల క్వార్ట్‌జైట్‌లో (ఇసుకరాయి మారి ఏర్పడిన గట్టి రాయి) తడి నిలవలేదని ఆ రాతలే చెబుతున్నాయి. గుట్టలెందుకు ఎక్కారు? మైదానమంతా వరి, బోర్లు. ప్రతి పొలంలో ఒక పంపుసెట్టు ఉంది. మోటారు నడుస్తుంటే దాని ఎర్తింగ్ నుంచి నేలలోకి పారే కరెంటు సిగ్నల్‌ను ముంచేస్తుంది. సహజ సిగ్నల్ బలహీనంగా ఉండే 1 నుంచి 10 సెకన్ల పట్టీలో మరీ. దానికి తోడు, పంట మీద ఉన్న పొలంలో గుంటలు తవ్వి వైర్లు లాగుతామంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? గుప్త నిధుల కోసం తవ్వుతున్నారన్న అనుమానం సరేసరి. శబ్దం తక్కువ, అభ్యంతరం లేదు అని ఫీల్డ్ బృందం గుట్టలను ఎంచుకుంది. వాళ్ల వైపు నుంచి చూస్తే అది మంచి నిర్ణయమే, డేటా నిజంగానే శుభ్రంగా వచ్చింది.

అయితే ఆ క్వార్ట్‌జైట్ గుట్టలన్నీ బెల్ట్ దిశలోనే, సన్నగా, పొడుగ్గా సాగుతాయి. వెడల్పు రెండు మూడు వందల మీటర్లు. స్టేషన్ డైపోల్ (ఎలక్ట్రోడ్ల జంట, మధ్య తీగ) మొత్తం గుట్ట మీదే పట్టేస్తుంది. ఇన్వర్షన్ మెష్‌లో గడి వెడల్పు అంతకన్నా ఎక్కువ. గుట్టకు అడ్డంగా పారే కరెంటుది టీఎం మోడ్. గుట్ట చుట్టూ ఉన్న నేల కన్నా రాయి నిరోధకత చాలా ఎక్కువ కాబట్టి టీఎం వక్రం ప్రతిచోటా పైకే జరిగింది. ఒకచోట పైకి, ఒకచోట కిందికి కాదు. అన్నీ ఒకే వైపుకు.

పనిచేయని దారులు

షిఫ్ట్ ఉందని తెలిశాక మొదట అందరూ చేసేదే చేశాం: గ్రూమ్, బెయిలీ అనే ఇద్దరు పరిశోధకుల పద్ధతిలో డిస్టార్షన్‌ను (నేల పైపొర వల్ల వచ్చే వక్రీకరణ) విడగొట్టడం. స్ట్రైక్ దిశ (కింది నిర్మాణం సాగే దిశ) స్థిరంగా తేలింది. విద్యుత్ క్షేత్రం దిశ తప్పించే ట్విస్ట్, షియర్ అనే భాగాలు విడిపోయాయి. కానీ ఆ గణితానికి ఒక హద్దు ఉంది. స్థానిక పెంపు ఎంతో, కింది నిర్మాణం వల్ల వచ్చిన నిరోధకత ఎంతో ఒకే స్టేషన్ డేటాలో విడదీయలేం. మనకు కావలసింది సరిగ్గా ఆ గుణకమే.

తర్వాత ఇన్వర్షన్‌లోనే షిఫ్టులను తెలియని రాశులుగా పెట్టి, అన్ని స్టేషన్ల షిఫ్టుల లాగరిథమ్‌ల మొత్తం సున్నా అవ్వాలన్న షరతుతో నడిపారు. స్టేషన్లు యాదృచ్ఛికంగా పడి ఉంటే కొన్ని పైకి, కొన్ని కిందికి జరిగి సగటున సరిపోతాయన్నది ఆ షరతు వెనక ఉన్న ఊహ. స్టేషన్లన్నీ గుట్టల మీదే పెట్టినచోట ఆ ఊహ చెల్లదు. ఫలితం చూస్తే స్టేషన్ల మధ్య ఎగుడుదిగుడులు పోయి మోడల్ ఇంకా నున్నగా కనిపించింది, పొర మాత్రం 80 దగ్గరే ఉండిపోయింది. ఇలాంటి నున్నటి తప్పు మోడల్ అంటే నాకు భయం, అది చూసేవాళ్లకు నమ్మకం కలిగిస్తుంది కాబట్టి.

టీఈఎం (ట్రాన్సియెంట్ ఎలక్ట్రోమాగ్నెటిక్) సౌండింగ్ ఈ సమస్యకు ప్రామాణికమైన మందు. నేల మీద వైర్ లూప్ పరిచి కరెంటు ఆపేసి, క్షీణిస్తున్న అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తారు. విద్యుత్ క్షేత్రంతో పని లేదు కాబట్టి స్టాటిక్ షిఫ్ట్ దాన్ని తాకదు. గుట్టల మీద ఇది సరిగా పనిచేయలేదు. అంత నిరోధకత ఉన్న రాతిలో సిగ్నల్ చాలా వేగంగా చచ్చిపోతుంది. రిసీవర్ పట్టుకునేలోపే మిగిలేది శబ్దమే.

సముద్రాన్ని మోడల్‌లో పెట్టి కూడా చూశాం. ఉప్పునీటి నిరోధకత సుమారు 0.3 ఓమ్ మీటర్లు. 3 కిలోమీటర్ల లోతు నీరంటే 10,000 సీమెన్స్ కండక్టెన్స్ (పొర మొత్తం కరెంటును మోయగల శక్తి). తీరానికి వంద కిలోమీటర్ల పైన ఉన్న స్టేషన్లను కూడా అది తాకుతుంది. 1000 సెకన్ల దగ్గర ఇండక్షన్ బాణాలు (అయస్కాంత కొలతల నుంచి గీసే, వాహకం ఉన్న వైపు చూపే బాణాలు) బంగాళాఖాతం వైపు తిరగడానికి కారణం అదే అని తేలింది. పొర అడుగుభాగం కొంత పలచబడింది. కానీ తక్కువ పీరియడ్లలో, 20 నుంచి 200 సెకన్ల మధ్య, బాణాలు తీరం వైపు కాకుండా బెల్ట్ అంచు వైపు తిరిగాయి, అంచుకు రెండు వైపులా ఎదురెదురుగా. అది సముద్రం పని కాదు. అక్కడ నిజంగానే ఒక వాహకం ఉంది. దక్షిణాన తమిళనాడు కొస మీదుగా పారే ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ (పగటిపూట పైవాతావరణంలో పారే కరెంటు) ప్రభావం ఉందేమోనని పగటి, రాత్రి డేటాను వేర్వేరుగా ప్రాసెస్ చేశాం. మనకు పనికొచ్చే పీరియడ్లలో తేడా ఎర్రర్ బార్లు దాటలేదు.

పనిచేసినది

ఎలక్ట్రోడ్లను గుట్ట దించడం. చివరికి తేలిన దారి ఇదే. కోతలయ్యాక, పొలాలు ఖాళీగా ఉన్న రోజుల్లో, గుట్ట పక్క మైదానంలో కొన్నిచోట్ల మళ్లీ కొలవమని అడిగాను. రాత్రంతా అక్కర్లేదు, 10 సెకన్ల వరకూ డేటా చాలు. కావలసింది లోతు సమాచారం కాదు, వక్రం నిజంగా ఏ ఎత్తున ఉందన్నదే. వ్యవసాయ ఫీడర్‌లో కరెంటు లేని గంటల్లో రికార్డింగ్ పెడితే అంతవరకూ శుభ్రంగా వస్తుందని నా అంచనా, వచ్చింది. మైదానం మీద టీఈఎం కూడా చక్కగా పనిచేసింది కాబట్టి ఆ కొత్త స్టేషన్ల షిఫ్ట్‌ను దానితో సరిచూసుకోగలిగాం. ఒక్క మైదానం స్టేషన్‌నే ప్రమాణంగా తీసుకోకపోవడానికి కారణం ఉంది: మట్టి మందం మారేచోట అక్కడ కూడా షిఫ్ట్ ఉంటుంది, ఈసారి కిందికి. అందుకని ప్రతి గుట్ట చుట్టూ ఒకటికి మించి చోట్ల కొలిచి, వాటి మధ్య తేడానే మన అనిశ్చితిగా తీసుకున్నాం.

ఫేజులు గుట్ట మీదా కిందా ఒక్కటే. టీఎం ఎత్తు మాత్రం 3 నుంచి 7 రెట్లు దిగింది. వర్గమూలం లెక్కన పొర పైభాగం 30 నుంచి 46 కిలోమీటర్ల మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ ప్రాంతంలో మోహో (క్రస్ట్ ముగిసి మాంటిల్ మొదలయ్యే సరిహద్దు) కూడా ఈ పరిధిలోనే ఉంది. భూకంప తరంగాలు చూపిన సరిహద్దుకూ ఈ పొరకూ సంబంధం లేదు. రెండు పద్ధతులూ ఒకే లోతు చెప్పాయన్నది కాకతాళీయం.

ఆ తర్వాత 3డి ఇన్వర్షన్. ఇంపిడెన్స్‌తో (విద్యుత్, అయస్కాంత క్షేత్రాల నిష్పత్తి) పాటు టిప్పర్‌ను కూడా కలిపాం. టిప్పర్ అయస్కాంత క్షేత్రాల నిష్పత్తి మాత్రమే కాబట్టి గుట్టల బెడద దానికి చాలా తక్కువ. సముద్రాన్ని స్థిరంగా ఉంచాం. 100 ఓమ్ మీటర్లతో ఒకసారి, 500తో ఒకసారి మొదలుపెట్టాం, మొదలుపెట్టిన చోటును బట్టి ముగింపు మారుతుందేమో చూడాలి కదా. రెండింట్లోనూ వాహకం 35 కిలోమీటర్ల దరిదాపుల్లో నిలిచింది. తూర్పుకు వాలుతూ, పైకి పొడిగిస్తే క్రేటాన్, బెల్ట్ కలిసే గీత దగ్గర నేలను తాకేలా ఉంది.

దీన్నీ ఊరికే నమ్మలేదు. ముందు వాహకంలో 50 కిలోమీటర్ల కింది భాగాన్ని చెరిపి 500 ఓమ్ మీటర్లు పెట్టి ఫార్వర్డ్ లెక్క (ఆ మోడల్ ఎలాంటి డేటా ఇస్తుందో గట్టే లెక్క) చేయించాను. ఏ పీరియడ్‌లోనూ మిస్‌ఫిట్ చెప్పుకోదగ్గంత పెరగలేదు. అంటే అక్కడ వాహకం ఉండాలని డేటా అడగడం లేదు. పైభాగాన్ని చెరిపినప్పుడు తూర్పు స్టేషన్లలో 5 నుంచి 200 సెకన్ల మధ్య ఫేజులూ టిప్పర్లూ ఒక్కసారిగా చెడిపోయాయి. ఇది డేటా పట్టుబడుతున్న భాగం. చెరిపి చూసే ఈ పరీక్షలో మొత్తం ఆర్‌ఎంఎస్ ఎంత మారిందన్నది పెద్దగా చెప్పదు. ఏ స్టేషన్, ఏ పీరియడ్, ఏ అంశం చెడింది, అక్కడ చెడడం భౌతికంగా సబబేనా అన్నది చూడాలి.

మందం గురించి మాత్రం పట్టుబట్టలేదు. ఎంటీ గట్టిగా చెప్పగలిగేది కండక్టెన్స్, అంటే మందాన్ని నిరోధకతతో భాగిస్తే వచ్చేది. ఇక్కడ అది సుమారు 3000 సీమెన్స్. 15 కిలోమీటర్ల మందంలో 5 ఓమ్ మీటర్లయినా, 3 కిలోమీటర్ల మందంలో 1 ఓమ్ మీటరయినా డేటాకు ఒకటే. మోడల్ బొమ్మలో కనిపించే మందం రాయిది కాదు, ఇన్వర్షన్‌లో మనం పెట్టిన స్మూతింగ్‌ది.

ఏ పదార్థం?

35 కిలోమీటర్ల దగ్గర ఉష్ణోగ్రత 400 డిగ్రీల దరిదాపు. ఇక్కడ కరగడం అన్న మాటే లేదు. ఉప్పునీరు ఉండొచ్చా? కోట్ల ఏళ్లుగా కదలిక లేని గ్రాన్యులైట్ (చాలా వేడిలో మారి, నీరు పోగొట్టుకున్న రాయి) క్రస్ట్‌లో స్వేచ్ఛగా నీరు మిగలడం కష్టం. చల్లబడుతున్న రాతి ఖనిజాలే దాన్ని పీల్చేసుకుంటాయి. పూర్తిగా కొట్టిపారేయలేదు కానీ వెనక్కి నెట్టాను.

గ్రాఫైట్‌కు ఇక్కడ నేల మీదే సాక్ష్యం ఉంది. తూర్పు కనుమల ఖొండలైట్‌లో (పాత అవక్షేపాలు మారి ఏర్పడిన రాయి) గ్రాఫైట్ ఉందన్నది ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా గనుల వాళ్లందరికీ తెలుసు. అలాంటి ఒక రాయి నా బల్ల మీద ఉంది. దాని మామూలు ముఖం మీద మల్టీమీటర్ ముళ్లు పెడితే మెగా ఓమ్‌లు చూపిస్తుంది, రేకులు కళ్లకు కనిపిస్తున్నా సరే. అదే రాయి ఒక పక్క షియర్ అయి నున్నగా మెరుస్తుంటుంది, ముట్టుకుంటే వేలు నల్లబడుతుంది. ముళ్లు అక్కడ పెడితే కొన్ని ఓమ్‌లే. గ్రాఫైట్ ఎంత ఉందన్నది కాదు, అతుక్కుని ఉందా లేదా అన్నదే తేడా. అతుక్కుని ఉంటే చాలా కొద్దిపాటి గ్రాఫైట్ చాలు. జర్మనీలో 9,101 మీటర్ల లోతుకు తవ్విన కేటీబీ బోరులో కూడా షియర్ జోన్ల వెంట గ్రాఫైట్ పూతలు దొరికాయి. మన కేసులో వాహకం రెండు భూఖండాలు ఢీకొన్న సరిహద్దు వెంట వాలి ఉంది. ఆ ఢీకొన్నప్పుడు కిందికి వెళ్లిన కార్బన్ ఉన్న అవక్షేపాలు షియర్ అయి గ్రాఫైట్ పూతలుగా మారాయన్నది ఉన్నవాటిలో అన్నిటికన్నా తక్కువ ఊహలు కోరే వివరణ. నివేదికలో "అత్యంత సంభావ్యం" అని రాయించాను, "నిర్ధారణ" అని రాయనివ్వలేదు. వాహకత ఒక్కటే చూసి గ్రాఫైట్‌నూ సల్ఫైడ్‌నూ విడదీయలేం.

యువ పరిశోధకుడు అప్పుడు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: "మరి 80 దగ్గర ఏమీ లేనట్టేనా సర్?" కాదు. 3000 సీమెన్స్ పొర కింద ఏముందో ఈ డేటాకు కనబడదు. ఆ పొరను దాటి చూడాలంటే కొన్ని వేల సెకన్ల పీరియడ్లు కావాలి. ఇక్కడ చాలా స్టేషన్లు 1000 దగ్గరే ఆగిపోయాయి. భూకంప తరంగాలు చూపిన సరిహద్దును మేం బలపరచనూ లేదు, తోసిపుచ్చనూ లేదు. నివేదికలో ఈ వాక్యం ఉండాల్సిందేనని పట్టుబట్టాను. రేపు ఎవరైనా ఈ మోడల్ చూసి "ఎంటీ ప్రకారం అక్కడి మాంటిల్ పొడిగా ఉంది" అని రాస్తే అది మరో తప్పు అవుతుంది.

ఇప్పుడు పాటిస్తున్నవి

ఈ కేసు తర్వాత, సమీక్షకు వచ్చే ప్రతి ఎంటీ పనిలో మోడల్ కన్నా ముందు ఫీల్డ్ షీట్లు అడుగుతున్నాను. కాంటాక్ట్ రెసిస్టెన్స్, నేల వర్ణన, స్టేషన్ ఆ చోటే ఎందుకు పెట్టారన్నది. చివరిది చాలా షీట్లలో ఉండదు. దానికో గడి పెట్టమని చెబుతున్నాను. శబ్దం తప్పించుకోవడానికి చోటు మార్చామంటే, ఆ మార్పు అన్ని స్టేషన్లనూ ఒకే రకం నేల మీదికి నెట్టిందా అని చూడాలి. నెట్టి ఉంటే సగటు తీసే ఏ పద్ధతీ కాపాడదు.

ఉష్ణోగ్రత లెక్క ఇన్వర్షన్ అయ్యాక వివరణ కోసం కాదు, ఇన్వర్షన్‌ను ప్రశ్నించడానికి ముందే చేయాలి. తెలిసిన పదార్థమేదీ కుదరకపోతే కొత్త పదార్థాన్ని వెతికేముందు లోతును అనుమానించాలి. మరో పద్ధతితో లోతు సరిగ్గా కలిసినచోట ఇంకా ఎక్కువ అనుమానించాలి, ఎందుకంటే అలా కలిశాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

ఈ రేఖ మీద మిగిలిన పని ఇది: మైదానంలో నాలుగైదు చోట్ల, పంట లేని నెలల్లో, ఫ్లక్స్‌గేట్ పరికరాలతో (నెమ్మదైన అయస్కాంత మార్పులను కొలిచేవి) వారాల తరబడి రికార్డింగ్ చేసి 10,000 సెకన్ల దాకా వెళ్లాలి. ఆ పీరియడ్లలో సముద్రమూ ఎలక్ట్రోజెట్టూ రెండూ పట్టించుకోవాల్సినవే అవుతాయి కాబట్టి రాత్రి డేటాను విడిగా ఉంచుకోవాలి, బంగాళాఖాతం లోతులను ఇంకా సన్నటి మెష్‌లో పెట్టాలి. 80 కిలోమీటర్ల ప్రశ్నకు ఈ రేఖ మీద జవాబు ఏదైనా దొరికితే ఆ డేటాలోనే దొరకాలి.